నల్లబల్ల తడి ఆరకముందు

హెప్సిబా టీచర్ బడికి అందరికంటే ముందే వస్తుందని రేగులగూడెంలో పేరు. శ్రీరాంపూర్ కాలనీలో మొదటి షేరింగ్ ఆటో ఎక్కి, ఎనిమిదింటికల్లా బడి గేటు తాళం తీసేది. నేరుగా ఐదో తరగతి గదిలోకి పోయి, కొంగు నడుముకు చెక్కి, గోడకు సిమెంటుతో చేసిన నల్లబల్ల మీద ఆనాటి ఇంగ్లీషు పాఠం మొత్తం రాసేది. ముత్యాల్లాంటి అక్షరాలు. గీత గీసినట్టు వరసలు. తొమ్మిదింటికి పిల్లలు వచ్చేసరికి బల్ల నిండిపోయి, ఆమె చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుని ఉండేది.

"గసొంటి టీచరు మల్ల దొర్కది" అని ఊరు అనుకునేది.

అంత పొద్దున్నే రావడానికి కారణం శ్రద్ధ అని ఊరి నమ్మకం. అసలు కారణం భయం. పక్కన ఇంకొక మనిషి చూస్తుండగా ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాయాలన్నా ఆమె వేళ్ళు మొద్దుబారిపోయేవి. మాట్లాడాలంటే నాలుక అంగిట్లో అతుక్కునేది. ఎర్రట్ట నోటుబుక్కులో ముందే రాసుకున్న వాక్యం తప్ప కొత్తది ఒక్కటి నోట పలికి ఎరగదు. ఇరవై ఏడేళ్ళు. మూడు బడులు మారింది. ఎక్కడికి పోయినా 'ఇంగ్లీషు టీచరమ్మ' అన్న పేరు ఆమెకంటే ముందే పోయి కుర్చీ వేసుకుని కూర్చునేది.

ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ఆమె పుట్టిన ఊరికి పోవాలి.

ధర్మపురి దగ్గర, గోదావరి ఒడ్డు పల్లె. తండ్రి దేవసహాయం ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. ఆదివారం మాత్రం తెల్ల అంగీ తొడుక్కుని చర్చి గంట కొట్టేవాడు. తల్లి బుచ్చవ్వ నాట్లకూ కలుపులకూ పోయేది. ఆసామి ఇంట్లో వాళ్ళ నడక అరుగు దాకానే. దాహమైతే చెంబుతో పైనుంచి పోస్తారు, దోసిలి పట్టి తాగాలి. హెప్సిబా కూడా అట్లా తాగింది, చిన్నప్పుడు, ఎన్నోసార్లు. బైబిల్లోంచి ఆ పేరు తీసి పెట్టింది పాస్టరుగారు. చదువు మిషన్ హాస్టల్లో, తెలుగు మీడియం. అక్కడ ఇంగ్లీషంటే సారు ఒక ముక్క చదవడం, పిల్లలు దాని అర్థం తెలుగులో బట్టీ పట్టడం. పదో తరగతి గట్టెక్కింది అట్లాగే.

ఇరవై ఐదో ఏట టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి బడిలో హెడ్మాస్టరు బుచ్చిరాములు సార్. ఆర్డరు కాగితం కళ్ళద్దాలకు దగ్గరగా పట్టుకుని చూశాడు.

"హెప్సిబా! అబ్బో, పేరే ఇంగ్లీషు పేరు. మీరు కిరస్తానీలా అమ్మా?"

"అవును సార్."

"ఇంకేంది మరి! ఇంగ్లీషు మీ ఇంట్ల మాటే గద. ఇన్నొద్దులాయె, గా సబ్జెక్టుకు మనిషే దొరుకలే మాకు. దేవుడు తోలినట్టు వచ్చిండ్రు."

మా చర్చిలో పాటలు తెలుగులోనే పాడుతాం సార్, మా బాపు వేలిముద్ర వేస్తాడు సార్, అని చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది కూడా. ఈలోగా ఎవరో కుర్చీ జరిపారు. చాయ్ వచ్చింది. అందరికీ ఇచ్చిన గ్లాసులాంటి గ్లాసే ఆమెకూ ఇచ్చారు. తనలో ఏదో తక్కువ ఉన్నదని చూసే కళ్ళే ఆమెకు అప్పటిదాకా తెలుసు. ఎక్కువ ఉన్నదని చూసిన కళ్ళు అవే మొదలు. ఆ చూపును చేతులారా పోగొట్టుకోబుద్ధి కాలేదు. చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని "సరే సార్" అంది.

ఆమె అబద్ధమాడలేదు. ఎదుటి మనిషి పొరపాటు పడితే దిద్దలేదు, అంతే. కానీ దిద్దని పొరపాటు ఏళ్ళు గడిచేకొద్దీ అబద్ధం కంటే బరువెక్కుతుంది.

పెద్ద పెద్ద మాటలతో ఆమెకు పేచీ లేదు. అర్థం చూసి, నాలుగుసార్లు రాస్తే లొంగిపోతాయి. ఆమెను వణికించేవి చిటికెడు మాటలు. ఇన్, ఆన్, ఎట్, అప్, ఆఫ్. మన భాషలో ఇంట్లో, బల్లమీద, ఊరినుంచి అని అవి మాట వెనకాల అణిగిమణిగి వస్తాయి. అక్కడ విడిగా నిలబడి పెత్తనం చేస్తాయి. 'పుట్' అంటే పెట్టడమని చిన్నప్పుడే తెలుసు. దాని పక్కన 'ఆన్' చేరితే తొడుక్కోవడమట. 'ఆఫ్' చేరితే వాయిదా వేయడమట. 'అవుట్' చేరితే మంట ఆర్పడమట. పక్కనున్నవాణ్ణి బట్టి గుణం మార్చుకునే మనిషిని నమ్మేదెట్లా?

అందుకని ఎర్రట్ట నోటుబుక్కులో ఒక్కో క్రియకూ ఒక్కో పేజీ పెట్టుకుంది. 'గెట్'కు ఒక పేజీ చాలక తొమ్మిది పేజీలైంది. 'లుక్' పేజీలో: లుక్ ఆఫ్టర్, చూసుకోవడం, లుక్ ఫర్, వెతకడం, లుక్ డౌన్ ఆన్, చిన్నచూపు చూడడం. ఆ చివరిది మాత్రం ఒక్కసారి చదివితే గుర్తుండిపోయింది.

ఆమె గుట్టు తెలిసింది భర్త జోయల్‌కు ఒక్కడికే. గనిలో పని. సెలవు రోజు మధ్యాహ్నం ఆమె కూరగాయలు తరుగుతుంటే నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని పరీక్ష పెట్టేవాడు.

"పుట్ అప్ విత్?"

"ఓర్చుకొనుడు."

"గిదైతే నన్నడుగు. లగ్గమైన కాడ్నుంచి గదే చేస్తున్న."

"నువ్వా! గురక వెట్టుకుంట పండేటోనివి నువ్వు, ఓర్చుకునేదాన్ని నేను."

"సరే తియ్యి. రన్ అవుట్ ఆఫ్?"

"అయిపోవుడు. చక్కెర అయిపోయింది. గది కూడా యాదికుంచుకో."

అతను నవ్వి, నోటుబుక్కు మూసి, నెమ్మదిగా అనేవాడు. "హెప్సీ, ఒక్కపారి చెప్పేయరాదు? నాకు అంతగనం రాదు అని. ఎవలన్న ఉరేస్తరా?"

"ఇప్పుడు చెప్తే రాదని అనుకోరు. ఇన్నేండ్లు వేషమేసిందంటరు. అండ్ల నన్నొక్కదాన్నే అనరు. గీళ్ళంత గింతే అంటరు."

జోయల్ నోటుబుక్కు తిరిగి ఆమె సంచీలో పెట్టేవాడు. ఆమె కత్తిపీట మీద వంకాయ తిప్పేది.

సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియమయ్యాక భయం రెండింతలైంది. రేగులగూడెం మాత్రం సంబరపడింది. తల్లిదండ్రుల కమిటీకి పెద్ద పరశురాములు తన పిల్లలిద్దరినీ ప్రైవేటు బడి బస్సు మాన్పించి ఇక్కడ చేర్పించాడు. "పైసలు వోసి యేడికో తోలుడెందుకు, మనకు అసలు ఇంగ్లీషు టీచరమ్మే ఉన్నంక" అని చావడి దగ్గర నలుగురితో అన్నాడు. అతని మాట మీద ఇంకో తొమ్మిదిమంది పిల్లలు చేరారు. ఆ రోజు హెప్సిబా అన్నం ముద్ద మింగలేకపోయింది. తేలు కుట్టిన దొంగ గతి అది. నొప్పి అని అరవడానికి లేదు.

చలికాలంలో ఒక బుధవారం హెడ్మాస్టరు రాజేశ్వర్‌రావు ఆమెను గదిలోకి పిలిచాడు. ఆయనకు ఆ వారమే కంటి ఆపరేషన్ అయి, నల్లద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడు.

"మేడం, శుక్రవారం పరిశీలన టీం వస్తున్నదట. ఇంగ్లీషు ఎట్ల చెప్తుండ్రో చూసెతందుకు. మండలంల మూడు బడులు వట్టుకున్నరు, అండ్ల మనదొకటి. తక్కినోళ్ళు పరేషాన్ అయితుండ్రు. నేనైతే జర్ర ఫికర్ చేస్తలేను. మన బడిల మీరున్నరు."

ధైర్యం చెబుతున్నాననుకున్నాడు పాపం. ఆమె బల్ల అంచు పట్టుకుని "సరే సార్" అంది. మళ్ళీ అదే మాట.

ఇంటికి పోతూ ఆటోలో లెక్క వేసింది. పీరియడ్ నలభై నిమిషాలు. బల్లమీద పద్దెనిమిది వాక్యాలు, అన్నీ ప్రయాణాల మీద. తను చదవడానికి పది నిమిషాలు, పిల్లలు కోరస్‌గా అనడానికి పది, నోటుబుక్కుల్లో ఎక్కించుకోవడానికి పదిహేను. ముప్పై ఐదు. మిగిలినవి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో వచ్చినవాళ్ళు ఏమైనా అడగొచ్చు. లేదా, "మేడం, మీరే ఇంకో వాక్యం చెప్పండి" అనవచ్చు. గురువారమంతా దగ్గు వస్తే బాగుండు, జ్వరం వస్తే బాగుండు అనుకుంది. ఒంటికి చేయి ఆనించి చూసుకుంది. చల్లగా ఉంది.

శుక్రవారం ఏడున్నరకే గేటు తీసింది. పద్దెనిమిది వాక్యాలూ రాసింది. ఒక్కో 'ఇన్' దగ్గరా ఒక్కో 'ఆన్' దగ్గరా ఆగి, నోటుబుక్కుతో మూడుసార్లు సరిచూసుకుంది. వెనక్కి నడిచి చూస్తే అక్షరాలు ఎంత బాగున్నాయో. ఇంత బాగా రాసిన మనిషికి ఇంగ్లీషు రాదని ఎవరంటారు? కాసేపు గుండె కుదుటపడింది. హెడ్మాస్టరు గదిలో సంతకం పెట్టి, ప్రార్థన అయ్యేదాకా పిల్లల వరసలు చూసి, జాతీయగీతం అయ్యాక తరగతి వైపు నడిచింది.

గుమ్మంలో లింగవ్వ ఎదురైంది. బడి ఊడ్చే ముసలామె. మోచేతుల దాకా నలుపు. చేతిలో తడిగుడ్డ. ముఖమంతా నవ్వు.

"సూడు టీచరమ్మా, ఎట్లున్నదో! ఆపీసర్లొస్తుండ్రంటిరి గద. బొగ్గు నూరి బీరాకు పసర్ల కలిపి రాసిన. ఎన్కట మా ఊరి బళ్ళె గిట్లనే రాస్తుండె. నిగనిగలాడ్తలేదా?"

బల్ల నిగనిగలాడుతూనే ఉంది. పసరు వాసన గదినిండా. పద్దెనిమిది వాక్యాల్లో ఒక్క చుక్క కూడా మిగలలేదు.

"లింగవ్వా... అండ్ల రాసింది..."

"అవ్, ఏందో గీతలు గీతలు ఉండె. పాతయ్యి కావచ్చని తుడ్సిన. ఎందుకు, తప్పైందా?"

ఆమెకు చదువు రాదు. ప్రతిరోజూ ఆ బల్ల ఎందుకు నిండుతుందో హెప్సిబా ఎవరికీ చెప్పలేదు, కాబట్టి లింగవ్వకూ తెలియదు. తప్పు లింగవ్వది ఎట్లా అవుతుంది?

"లేదవ్వా. మంచిగున్నది" అంది.

చాక్‌పీసు తీసి బల్లకు ఆనించి చూసింది. తడికి చాక్ నాని, మెత్తబడి, బూడిదరంగు మరక ఒకటి పడింది. అంతే. ఆరడానికి గంట పడుతుంది. నోటుబుక్కు సంచీలో ఉంది. సంచీ హెడ్మాస్టరు గదిలో ఉంది. తెచ్చుకుందామని తిరిగేసరికి వరండాలో అడుగుల చప్పుడు.

వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకాయన రిజిస్టర్లు చూస్తానని రాజేశ్వర్‌రావుతో పోయాడు. రెండో మనిషి ముప్పై ఏళ్ళ అమ్మాయి, మధులిక అట, చేతిలో ట్యాబ్. నవ్వింది. వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చుని, "ప్లీజ్ క్యారీ ఆన్, మేడం" అంది.

క్యారీ ఆన్, పద్నాలుగో పేజీ, కొనసాగించడం. అర్థం తెలుసు. ఏం కొనసాగించాలో మాత్రం గోడమీద లేదు.

"స్టాండప్" అంది హెప్సిబా. పిల్లలు లేచారు. "సిట్ డౌన్." కూర్చున్నారు. చేతిలో చాక్‌పీసు మెత్తబడి పిండి అయింది. ముప్పై ఒక్కమంది పిల్లలు బల్లవైపు చూశారు, బల్లమీద ఏమీ లేకపోయేసరికి ఆమెవైపు చూశారు. ఇంతకుముందు వాళ్ళు ఆమెవైపు అట్లా చూసింది లేదు. ఎప్పుడూ బల్లనే చూసేవారు.

ఏదో ఒకటి. నిన్న కోరస్‌గా అన్నవే అనిపిద్దామనుకుంది. "ఐ యామ్ గోయింగ్ ఆన్ ద బస్" అంది. పిల్లలు అన్నారు. "ఐ యామ్ గోయింగ్ ఇన్ ద ఆటో." అన్నారు. మూడోది గుర్తుకు రాలేదు. రోజూ కళ్ళు బల్లమీద చదివేవి, తల ఎన్నడూ మోయలేదు. గోడవైపు తిరిగి తడి నలుపులోకి చూసింది, అక్కడెక్కడన్నా అక్షరం మొన మిగిలిందేమోనని.

అప్పుడు ముందు బెంచీలోంచి ప్రణతి చెయ్యెత్తింది. పరశురాములు చిన్నబిడ్డ. మామూలుగా ఈ తరగతిలో ఎవరూ ప్రశ్నలు అడగరు. ఎవరైనా అడిగితే హెప్సిబా "ముందు రాసుకోండ్రి, ఎన్క చెప్త" అనేది. ఇవాళ రాసుకోవడానికి ఏమీ లేదు.

"టీచర్, బస్సుకేమో ఆన్ అంటుండ్రు, ఆటోకేమో ఇన్ అంటుండ్రు. రెండిట్ల లోపల్నే కూసుంటం గద. గట్లెందుకు?"

తెలియదు. పన్నెండేళ్ళ కింద ఆ రెండు వాక్యాలూ నోటుబుక్కులోకి ఎక్కించుకున్న రోజునుంచీ తెలియదు. తనకూ అదే అనుమానం వచ్చింది. అడగడానికి మనిషి లేక అట్లాగే బట్టీ పట్టింది. వెనక బెంచీలో ట్యాబ్ మీద వేలు ఆగింది. ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు. పిల్లలు నమ్ముతారు. ఆ వెనక కూర్చున్న అమ్మాయి నమ్మదు. తప్పించుకునే దారులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోతుంటే, కోడిపిల్లను గద్ద నీడ కమ్మినట్టు కమ్మింది భయం. ఆ భయంలోంచే, ఆమె అనుకోకుండానే, మాట బయటపడింది.

"నాకు తెల్వది బిడ్డా."

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. టీచరుకు తెలియకపోవడమన్నది వాళ్ళకు కొత్త.

హెప్సిబా అల్మారా దగ్గరికి నడిచింది. అందులో పాత డిక్షనరీ ఉంది. పిల్లల ముందు అది తెరిస్తే ఇంగ్లీషు టీచరమ్మకు డిక్షనరీ ఎందుకంటారని ఏనాడూ బయటికి తియ్యలేదు. దుమ్ము దులిపింది. అట్టలోంచి రెండు పుస్తకపురుగులు జారిపడ్డాయి. మేజామీద పెట్టి 'ఆన్' పేజీ తిప్పింది. చదివింది. అర్థాలున్నాయి, బస్సు కూడా ఉంది, ఎందుకన్నది లేదు.

"గీ పుస్తకంల కూడా రాయలే" అంది. "మీకేమనిపిస్తది?"

పిల్లలను ఆమె అట్లా అడగడం అదే మొదలు. కిటికీ పక్కనుంచి ఒక గొంతు. "బస్సు పెద్దగుంటది టీచర్." ఇంకొకడు, "బస్సుకు టికెట్టుంటది." "ఆడోళ్ళకు ఫ్రీ గదరా!" అని ఆడపిల్లలు గోల. ఆ గోలలో ప్రణతి లేచి నిలబడింది.

"బస్సుల నిలవడొచ్చు టీచర్! ఆటోల నిలవడరాదు, తల్కాయ తాకుతది. మా అవ్వ మంచిర్యాల దాక నిలవడే పోతది, ఫ్రీ అయిన కాడ్నుంచి సీటే దొరుకుతలేదు."

గదంతా నవ్వింది. ఒకడు "మరి రైలు?" అన్నాడు. "రైల్ల నిలవడొచ్చు." "కారు?" "నిలవడరాదు." హెప్సిబా మనసులో నోటుబుక్కు పేజీ తిప్పింది. ఆన్ ద ట్రైన్. ఇన్ ద కార్. అతికినట్టు సరిపోయాయి. సరిపోవడమే ఆమెను మళ్ళీ భయపెట్టింది. ఇది నిజమేనా, లేక తన కళ్ళముందే ముప్పై ఒక్కమంది ఒక తప్పును నేర్చుకుంటున్నారా? వెనక్కి చూసింది. మధులిక నవ్వడం లేదు, తల ఊపడం లేదు. వంగి ట్యాబ్‌లో గబగబా ఏదో కొడుతోంది. బెల్లు కొట్టాక "థాంక్యూ మేడం" అని లేచి, గుమ్మం దాటి పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో హెప్సిబా నోటుబుక్కు తెరిచి ప్రణతి చెప్పింది రాసుకుంది. చివర ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఆ పుస్తకంలో ప్రశ్నార్థకం అదొక్కటే.

"తెల్వదన్నవా? ఆమె ముందటనే?" జోయల్ అడిగాడు.

"ఆ. పోయింది. అంతా పోయినట్టే."

"ఏం పోలేదు. ఒక్క ప్రశ్నే గద."

ఒక్క ప్రశ్నే. హెడ్మాస్టరు లోపల లేడు. పిల్లలు ఇంటికి పోయి నవ్వుల సంగతి చెప్పి ఉంటారు గానీ, తక్కిన సంగతి పెద్దల చెవికి ఎక్కలేదు. ఊళ్ళో ఇంగ్లీషు టీచరమ్మ ఇంకా ఇంగ్లీషు టీచరమ్మే. కానీ ఆ గబగబా కొట్టిన మాటలు ఎక్కడో ఉన్నాయి, వస్తాయి. వారం రోజులు ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది.

తర్వాతి శనివారం వచ్చాయి. బడి విడిచే వేళ రాజేశ్వర్‌రావు పిలిపించాడు. గదిలో పరశురాములు కూడా ఉన్నాడు. రిపోర్టు వచ్చిందని తెలిసి, వినడానికి పొలం నుంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, మడమలకు మట్టి.

"రాండ్రి మేడం. రిపోర్టు ఫోన్ల వచ్చింది. అంతా ఇంగ్లీషే. నాకు కండ్లు ఇంకా మబ్బుమబ్బుగనే ఉన్నయి. మీరే చదివి, గీ పెద్దమనిషికి తెలుగుల చెప్పుర్రి."

ఫోను ఆమె చేతికిచ్చాడు.

నిలబడే చదివింది. తరగతి గది శుభ్రంగా ఉంది. పిల్లలు భయపడకుండా ప్రశ్న అడిగారు, కారణం తామే వెతికారు, అది మంచి పద్ధతి. ఇవి తెలుగులో చెప్పింది. పరశురాములు మీసం దువ్వుకున్నాడు. తర్వాతి వాక్యం దగ్గర ఆమె ఆగింది. చిన్న వాక్యమే. అందులో ఆమెకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు. టీచరు ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడలేకపోతున్నారు, శిక్షణకు పంపాలి.

దాటేయవచ్చు. హెడ్మాస్టరుకు కళ్ళు సరిగా కనిపించవు. పరశురాములుకు ఇంగ్లీషు రాదు. ఇరవై ఏడేళ్ళు నిలబెట్టుకున్నది ఇంకో ఎనిమిది తొమ్మిదేళ్ళు, రిటైరయ్యేదాకా నిలుస్తుంది. ఒక్క వాక్యం మింగితే చాలు. ఫోను తెరమీద వెలుగు తగ్గి మసకబారింది. వేలితో తాకి మళ్ళీ వెలిగించింది. అప్పుడెందుకో ఆమెకు ఆ మొదటి రోజు చాయ్ గ్లాసు గుర్తుకొచ్చింది. అప్పుడూ మింగింది ఒక్క వాక్యమే.

"టీచరుకు ఇంగ్లీషు మంచిగ మాట్లాడ రాదు, ట్రైనింగుకు తోలాలె అని రాసిండ్రు" అంది.

రాజేశ్వర్‌రావు నల్లద్దాలు తీశాడు. "ఏంది? మీకా? తప్పు వడ్డది కావచ్చు మేడం. ఇంకెవ్వలదో మీకు పెట్టిండ్రు. మీకు ఇంగ్లీషు రాకపోవుడేంది, మీరు చర్చికి వోతరు గద!"

"సార్, మా చర్చిల పాటలు తెలుగుల పాడుతరు."

ఆయనకు వెంటనే అందలేదు. ఆమె చెప్పింది. "ప్రార్థన తెలుగుల్నే. మా బాపు వేలిముద్ర ఏసెటోడు. మా ఇంట్ల ఇంగ్లీషు మాట్లాడినోళ్ళు ఒక్కలు లేరు. అందరు అనుకున్నరు, నేను కాదనలే. పుస్తకం ముందటేసుకుని నేర్చుకుని చెప్తున్న. చిన్న చిన్న మాటల కాడ ఇప్పటికీ తప్పుత."

రాజేశ్వర్‌రావు కళ్ళద్దాల కాడ ముడిచాడు, తెరిచాడు. ముందు మాట్లాడింది పరశురాములు.

"అంటే ఏంది? నేను మీ మీది నమ్మకంతోని మంచిగ వోయే బస్సు బంద్ వెట్టిచ్చిన. నలుగురికి చెప్పిన."

"అవు. అందుకే చెప్తున్న."

అతను ఆమెను కాసేపు చూశాడు. ఏ చూపో ఆమె పోల్చుకోలేకపోయింది. తువాల దులిపి భుజాన వేసుకుని, నమస్తే కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చిలో పాట పాడుతుంటే ఆమెకు మాట పెగల్లేదు. జోయల్ ఆమె వంతు కూడా గట్టిగా పాడాడు, శ్రుతి తప్పి.

సోమవారం ఆమె మొదటి ఆటో ఎక్కలేదు. రెండోదీ వదిలేసింది. తొమ్మిదింటికి పిల్లలతో పాటే గేటు దాటింది. వరండాలో లింగవ్వ చీపురు ఆపి, "గింత ఆల్సెమేంది టీచరమ్మా, పానం మంచిగున్నదా? బల్ల జోలికి నేను వోలే, గట్లనే ఇడిసిపెట్టిన" అంది. బల్ల పొడిగా, ఖాళీగా ఉంది.

ఆమె పిల్లలను లెక్కపెట్టింది. ఇరవై ఏడు. ముందు బెంచీలో ప్రణతి చోటు ఖాళీ. మళ్ళీ లెక్కపెట్టింది. ఊళ్ళో మాట అప్పుడే పాకిందన్నమాట. ఇవాళ నలుగురు. రేపు? రోడ్డుమీద ప్రైవేటు బడి పసుపు బస్సు హారన్ కొట్టుకుంటూ పోతోంది. కిటికీలోంచి దాన్ని చూడకూడదనుకుంటూనే చూసింది.

బస్సు మలుపు తిరిగాక, దాని దుమ్ములోంచి నలుగురు పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చారు. అందరికంటే వెనక ప్రణతి, ఊడిన రిబ్బను చేత్తో పట్టుకుని.

"టీచర్, మా బాపు బండి మీద తెస్తా అని ఆల్సెం చేసిండు. దార్ల వీళ్ళను కూడా ఎక్కిచ్చుకుంటే టైరు పంచరైంది. మిమ్ములను ఒక మాట అడగుమన్నడు."

హెప్సిబా కిటికీ వదిలి ఆ పిల్ల దగ్గరికి వచ్చింది. "ఏమని?"

"బండి మీద ఐదుగురం కూసున్నం గద, దానికి ఇన్ అనాల్నా, ఆన్ అనాల్నా అని."

అతను వెక్కిరించాడో, నిజంగా అడిగాడో, క్షమించాడో ఆమెకు తెలియదు. ఆ పిల్ల ముఖం చూస్తే తెలిసేది కాదు. అతన్ని ఎదురుగా చూసే రోజు ఇంకా ముందుంది, శిక్షణ ఇంకా ముందుంది, దాని భయం దానికుంది. చాక్‌పీసు తీసుకుంది. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి, అరవై రెండు కళ్ళు వీపుమీద ఉండగా, బల్లవైపు తిరిగి రాయడం మొదలుపెట్టింది. చాక్ విరిగింది. ఇంకొకటి తీసింది. సగం వాక్యం దగ్గర, ఆ చిన్న మాట రావాల్సిన చోట ఖాళీ వదిలి, వెనక్కి తిరిగింది.

"గీడ ఏమొస్తది? ఆలోచించుర్రి. నేను కూడా ఆలోచిస్త."

"టీచర్" అంది ప్రణతి, "మీ లైను వంకర వోతున్నది."

"పోనీ తియ్యి బిడ్డా."